ఎవరి సంతకం ఎక్కడిదాకా చెల్లుతుంది? రాజ్యాంగంలో అధికారాల పంపకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెబుతుంటాను. క్లాసులో వచ్చే ప్రశ్నలకంటే టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల బంతిలో వచ్చే ప్రశ్నలే గట్టిగా ఉంటాయి. "సీఎం తలుచుకుంటే అవదా?", "గవర్నర్‌కి అంత పవరెక్కడిది?", "కోర్టెవరండీ మధ్యలో?" ఇలా. పదేపదే ఎదురైనవాటికి ఇక్కడ జవాబులు రాశాను. నేను పిల్లలకు చెప్పే చిట్కా ఒక్కటే. ఏ గొడవ వచ్చినా ముందు "ఈ కాగితం చెల్లాలంటే ఇంకెవరి సంతకం కావాలి?" అని అడగండి.

రాజ్యాంగం అధికారాన్ని ఎవరెవరికి పంచింది?

అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పంచింది. చట్టం చేసే సభలు, దాన్ని అమలు చేసే ప్రభుత్వం, తగువొస్తే తేల్చే కోర్టులు అడ్డంగా పంచిన వాటాలు. కేంద్రం, రాష్ట్రం, ఆ కింద పంచాయతీ, మున్సిపాలిటీ నిలువుగా పంచినవి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చినప్పుడు రాజ్యాంగంలో 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు ఉండేవి. ఇప్పుడు షెడ్యూళ్లు 12. వాటిలో ఎక్కువ తగువులు తెచ్చిపెట్టేది ఏడోది.

మన దేశాన్ని ఫెడరేషన్ అని రాజ్యాంగం అనలేదు. మొదటి అధికరణలో "రాష్ట్రాల యూనియన్" అనే ఉంది. ఆ మాట ఎంత బరువైనదో 2014లో తెలుగువాళ్లకు బాగా తెలిసొచ్చింది. దాని సంగతి కింద ఉంది.

అమెరికాలోలాగా మన దగ్గర మూడు వ్యవస్థలూ పూర్తిగా వేరా?

కావు. అమెరికా అధ్యక్షుడు కాంగ్రెస్ సభ్యుడుగా ఉండకూడదు. ఇక్కడ మంత్రి కావాలంటే సభలో సభ్యత్వం ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల్లో తెచ్చుకోవాలి, తేకపోతే పదవి పోతుంది. అంటే చట్టం చేసేవాళ్లలోంచే అమలు చేసేవాళ్లు వస్తారు. ఈ రెంటి మధ్య గోడ లేదు, గుమ్మం మాత్రమే ఉంది. గోడ కట్టమని రాజ్యాంగం నేరుగా చెప్పింది ఒక్కచోటే. 50వ అధికరణ న్యాయవ్యవస్థను ప్రభుత్వ యంత్రాంగం నుంచి వేరు చేయమంది.

జీవో కింద గవర్నర్ పేరు ఎందుకుంటుంది? ఆయనకు తెలిసే జరుగుతుందా?

ఫోన్లో ఏదైనా జీవో తెరిచి చివరి పేజీకి వెళ్లండి. పెద్ద అక్షరాల్లో "గవర్నర్ ఆదేశానుసారం, గవర్నర్ పేరిట" అని అర్థమొచ్చే ఇంగ్లీషు లైను ఉంటుంది. దాని కింద శాఖ కార్యదర్శి పేరు. ఇంకా కిందికి వెళితే నకళ్లు ఎవరెవరికి పంపాలో చాంతాడంత జాబితా. గవర్నర్ ఆ కాగితాన్ని చూసి కూడా ఉండరు.

రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం గవర్నర్‌దని 154వ అధికరణ చెబుతుంది. ఆయన మంత్రివర్గం సలహా మీద నడవాలని 163 చెబుతుంది. ఉత్తర్వులన్నీ ఆయన పేరిట రావాలని 166 చెబుతుంది. మూడూ కలిపితే పేరు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది, సంతకం మరొకరిది. ఢిల్లీలో రాష్ట్రపతి విషయమూ ఇంతే. మంత్రివర్గం సలహాకు రాష్ట్రపతి కట్టుబడాల్సిందేనని 1976లో 42వ సవరణతో స్పష్టంగా రాసుకున్నారు. ఒక్కసారి పునరాలోచించమని తిప్పిపంపొచ్చని 1978లో 44వ సవరణ చేర్చింది. మళ్లీ అదే సలహా వస్తే ఒప్పుకోవాల్సిందే.

ముఖ్యమంత్రి ఎంతమందినైనా మంత్రులుగా పెట్టుకోవచ్చా?

2003లో 91వ సవరణ వచ్చాక వీల్లేదు. సభ సంఖ్యలో 15 శాతం మించకూడదు. 175 సీట్ల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26. "క్యాబినెట్ హోదా" ఇచ్చి సలహాదారులను పెట్టుకోవడం ఈ లెక్క కిందకి రాదు. అందుకే ఆ జాబితా ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది.

ఏది కేంద్రం పని, ఏది రాష్ట్రం పని?

ఏడో షెడ్యూల్లో మూడు జాబితాలున్నాయి. మొదట్లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలుండేవి. రక్షణ, రైల్వే, కరెన్సీ కేంద్రానివి. పోలీసు, భూమి, వ్యవసాయం, ఆసుపత్రులు రాష్ట్రానివి. పెళ్లి, విడాకులు, క్రిమినల్ చట్టాలు, విద్యుత్తు ఉమ్మడివి. ఎక్కడా రాయనిది ఏదైనా ఉంటే 248వ అధికరణ ప్రకారం అది కేంద్రానికే చెందుతుంది. అమెరికాలో మిగిలింది రాష్ట్రాలది, ఇక్కడ మిగిలింది ఢిల్లీది.

చదువు మొదట రాష్ట్ర జాబితాలోనే ఉండేది. ఎమర్జెన్సీ కాలంలో 42వ సవరణ చదువు, అడవులు సహా ఐదు అంశాలను ఉమ్మడిలోకి మార్చింది. నీట్ మీద తమిళనాడు ఇప్పటికీ పోట్లాడుతోందంటే ఆ తగువు మూలం అక్కడుంది.

ఉమ్మడి అంటే సమానమని చాలామంది అనుకుంటారు. కాదు. ఒకే విషయం మీద కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే 254వ అధికరణ ప్రకారం కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్రం మాట నెగ్గాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మహిళలపై నేరాలకు కఠిన శిక్షల కోసం 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పాస్ చేసిన దిశ బిల్లు గుర్తుందా? సభలో చప్పట్లు మోగాయి, పోలీస్ స్టేషన్లకు దిశ బోర్డులు వచ్చాయి, ఫోన్లలో యాప్ వచ్చింది. చట్టం మాత్రం రాలేదు. శిక్షలు, విచారణ గడువులు ఉమ్మడి జాబితాలోవి కాబట్టి బిల్లు ఢిల్లీ వెళ్లాల్సి వచ్చింది, అక్కడ కావాల్సిన సంతకం పడలేదు. అప్పట్లో మా క్లాసులో "దిశ చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చింది?" అని ఒకమ్మాయి అడిగితే, రాలేదని నమ్మించడానికి పావుగంట పట్టింది.

పోలీసు రాష్ట్రానిదైతే సీబీఐ ఎలా వస్తుంది?

రాష్ట్రం ఒప్పుకుంటేనే వస్తుంది. సీబీఐ నడిచేది 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం మీద. అందులో ఆరో సెక్షన్ రాష్ట్ర సమ్మతి కావాలంటుంది. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబర్‌లో సాధారణ సమ్మతిని (కేసు కేసుకూ విడిగా అడగక్కర్లేకుండా ముందే ఇచ్చేది) వెనక్కి తీసుకుని, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. అయితే హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ దర్యాప్తు చేయమని ఆదేశిస్తే సమ్మతి అక్కర్లేదని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

కృష్ణా నీళ్ల తగువు సుప్రీంకోర్టు తేల్చేయొచ్చు కదా?

నీళ్లు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. కానీ రెండు రాష్ట్రాల గుండా పారే నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం. నదీజలాల తగువుల్లో కోర్టుల ప్రమేయం లేకుండా పార్లమెంటు చట్టం చేయొచ్చని 262వ అధికరణ అంటుంది. 1956లో అలాంటి చట్టమే చేశారు. అందుకే ట్రైబ్యునళ్లు వచ్చాయి. 1969లో వేసిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. విభజన తర్వాత 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నారు. ఆ "తాత్కాలికం" మీదే ఏటా నాట్ల కాలంలో కృష్ణా బోర్డు మీటింగులు, లేఖలు, అలగడాలు. ఏ తీర్పుకు అర్థమేంటి, చట్టం ఎలా చదవాలి అన్న మీమాంసలతో రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టుకు వెళుతూనే ఉన్నాయి. నీళ్ల పంపకం మాత్రం ట్రైబ్యునల్ పని.

అసెంబ్లీ వద్దన్నా రాష్ట్రాన్ని ఎలా విడగొట్టారు?

మూడో అధికరణ కింద. పెళ్లి భోజనాల్లో నన్ను ఎక్కువసార్లు నిలదీసిన ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు కృష్ణకు ఏ వైపువాళ్లో గొంతును బట్టి తెలిసిపోతుంది.

కొత్త రాష్ట్రం ఏర్పాటు, సరిహద్దు మార్పు, పేరు మార్పు అన్నీ పార్లమెంటు మామూలు మెజారిటీతో చేసేయొచ్చు. దాన్ని రాజ్యాంగ సవరణగా కూడా చూడకూడదని నాలుగో అధికరణ చెబుతుంది. బిల్లును రాష్ట్రపతి ముందుగా ఆ రాష్ట్ర శాసనసభకు పంపి గడువులోగా అభిప్రాయం అడగాలి. అడగాలి, అంతే. ఒప్పుకోవాలని లేదు.

2013 డిసెంబర్‌లో విభజన బిల్లు హైదరాబాద్ అసెంబ్లీకి వచ్చింది. జనవరి 23 దాకా ఇచ్చిన గడువును మరో వారం పెంచారు. 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం చేశారు. జూన్ 2న తెలంగాణ వచ్చింది. సభ చెప్పిన "వద్దు" ఒక అభిప్రాయంగా ఢిల్లీ ఫైల్లో చేరింది.

రాజ్యాంగం రాసే నాటికి సంస్థానాల విలీనం ఇంకా పచ్చిగానే ఉంది, రాష్ట్రాల హద్దులు తేలలేదు. ప్రతి మార్పుకూ పాత రాష్ట్రం ఒప్పుకోవాలని రాసి ఉంటే 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రమైనా, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అయినా ఎప్పటికి వచ్చేవో. మొన్న ఏడ్చినవాళ్ల తాతలు, నిన్న ఏడ్చినవాళ్ల మనవలు అదే అధికరణ వల్ల పండగలు కూడా చేసుకున్నారు. అయినా ఒక రాష్ట్ర సభ మాటకు ఇంత తక్కువ విలువ ఉండటం నాకు నచ్చదు. కనీసం ఆ అభిప్రాయానికి పార్లమెంటు జవాబు చెప్పాలన్న నియమమైనా ఉండాల్సింది.

శాసనమండలిని మాత్రం రాష్ట్రం రద్దు చేసుకోవచ్చా?

అదీ కాదు. 169వ అధికరణ ప్రకారం అసెంబ్లీ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి, ఆపైన పార్లమెంటు చట్టం చేయాలి. మన మండలి 1958లో వచ్చింది, ఎన్టీఆర్ హయాంలో 1985లో పోయింది, వైఎస్ హయాంలో 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరి 27న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మళ్లీ రద్దు తీర్మానం చేసింది. పార్లమెంటు దాన్ని ముట్టుకోలేదు. దాదాపు రెండేళ్లు చూసి 2021 నవంబర్‌లో అదే అసెంబ్లీ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో "రద్దయిన" మండలి సభ్యులు హాయిగా జీతాలు తీసుకుంటూ సభకు వెళ్లొచ్చారు.

గవర్నర్ బిల్లు మీద సంతకం పెట్టకపోతే?

200వ అధికరణ గవర్నర్‌కు మూడు దారులిచ్చింది. ఆమోదించొచ్చు, సభకు తిప్పిపంపొచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపొచ్చు. తిప్పిపంపింది సభ మళ్లీ పాస్ చేస్తే ఆమోదాన్ని ఆపకూడదు. అసలు చిక్కు నాలుగో దారి, అంటే ఏమీ చేయకుండా కూర్చోవడం. "వీలైనంత త్వరగా" అని మాత్రమే రాశారు, తేదీ రాయలేదు. బిల్లులు పెండింగ్‌లో పెట్టారని తెలంగాణ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ "త్వరగా" అన్న మాటకు రాజ్యాంగపరంగా బరువుందని కోర్టు గుర్తుచేసింది.

2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం గడువులు పెట్టింది. ఆ ఏడాది నవంబర్ 20న, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఐదుగురు జడ్జీలు కోర్టు గడువులు పెట్టడానికి వీల్లేదనీ, సంతకం లేకుండానే ఆమోదం వచ్చినట్టు భావించడం కుదరదనీ చెప్పారు. అలాగని గవర్నర్ ఎంతకాలమైనా తొక్కిపట్టడం కుదరదు, కారణం లేని జాప్యం జరిగితే ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పగలదు.

గవర్నర్ ముఖ్యమంత్రిని తీసేయగలరా? 1984లో తీసేశారు కదా?

తీసేశారు, నెలకే తిరిగొచ్చారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ 1984 ఆగస్టు 16న బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. గవర్నర్ మారారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఇది 356వ అధికరణ కింద జరిగిందని చాలామంది అనుకుంటారు. కాదు. మంత్రులు "గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకు" పదవిలో ఉంటారన్న 164వ అధికరణను గవర్నర్ తన సొంత ఇష్టంగా చదవడం వల్ల వచ్చిన గొడవ.

356 వేరు. అది రాష్ట్రపతి పాలన. 1973లో జై ఆంధ్ర ఉద్యమప్పుడు, 2014లో విభజనకు ముందు మనం చూసింది అదే. రెండు నెలల్లో పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాలి, ఆ తర్వాత ఆరేసి నెలల చొప్పున పొడిగించాలి. ప్రభుత్వానికి మెజారిటీ ఉందా లేదా అన్నది రాజ్‌భవన్‌లో తేల్చేది కాదు, సభలోనే లెక్కపెట్టాలని 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు పదేళ్ల ముందే వచ్చి ఉంటే ఎన్టీఆర్‌కు ఢిల్లీ ప్రయాణం తప్పేది.

ఆర్డినెన్స్‌కూ జీవోకూ తేడా ఏంటి?

ఆర్డినెన్స్ చట్టంతో సమానం, జీవో కాదు. సభలు నడవనప్పుడు అత్యవసరమైతే రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ ఆర్డినెన్స్ ఇస్తారు. సభ తిరిగి కూర్చున్న ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే అది చచ్చిపోతుంది. బీహార్ ప్రభుత్వం ఈ చావును ఒప్పుకోలేదు. 1967-81 మధ్య 256 ఆర్డినెన్సులు తెచ్చి, సభకు చూపించకుండా మళ్లీ మళ్లీ జారీ చేసుకుంటూ కొన్నిటిని 14 ఏళ్ల దాకా బతికించింది. డి.సి. వాధ్వా అనే ఆచార్యుడు వాటన్నిటినీ లెక్కగట్టి సుప్రీంకోర్టుకెళ్లి గెలిచారు. ఇక జీవోతో పన్ను వేయడం, ఒకరి హక్కు తీసేయడం కుదరదు. వెనక చట్టం ఉండాలి.

జనం ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కోర్టు ఎలా కొట్టేస్తుంది?

ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని 13వ అధికరణలోనే రాశారు. అసలు పెద్ద పేచీ రాజ్యాంగ సవరణల దగ్గర వచ్చింది. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆయన ధర్మాసనం 6-5 తేడాతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించడానికి వీల్లేదంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని 7-6 తో దాన్ని సరిదిద్దారు. పార్లమెంటు ఏ అధికరణనైనా సవరించొచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. ఒక్క ఓటు తేడా! జడ్జీల నియామకాల కమిషన్ కోసం తెచ్చిన 99వ సవరణ 2015లో పోయింది కూడా ఈ సూత్రం మీదే. జడ్జీలను జడ్జీలే ఎంపిక చేసుకునే కొలీజియం మిగిలింది. ఇంకెవరి సంతకం కావాలన్న నా ప్రశ్న అక్కడ కొంచెం తడబడుతుందని ఒప్పుకుంటాను.

పార్టీ మారిన ఎమ్మెల్యేపై కోర్టు వేటు వేయొచ్చు కదా?

1985లో చేర్చిన పదో షెడ్యూల్ ఆ పని స్పీకర్‌కు అప్పగించింది. స్పీకర్ నిర్ణయాన్ని కోర్టు సమీక్షించగలదు. నిర్ణయమే రాకపోతే దేన్ని సమీక్షించాలి? తెలంగాణలో పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల మీద వచ్చిన ఫిరాయింపు ఫిర్యాదుల విషయంలో సుప్రీంకోర్టు 2025 జూలై 31న, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. తానే వేటు వేయలేదు. ఈ పని స్పీకర్ చేతిలో ఉంచాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది.

మనం కట్టిన పన్ను ఢిల్లీ నుంచి ఎంత తిరిగొస్తుంది?

280వ అధికరణ కింద ఐదేళ్లకోసారి వేసే ఆర్థిక సంఘం వాటా చెబుతుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నింటికీ కలిపి 41 శాతం అంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. ఆ లెక్కన పంచాల్సిన పన్నుల్లో వంద రూపాయలుంటే ఆంధ్రకు సుమారు రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు. తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రానికి వాటా తగ్గేలా సూత్రం ఉంటుంది. సెస్సులు, సర్‌చార్జీలు ఈ వందలోకి రావు, అవి పూర్తిగా కేంద్రానివే. రాష్ట్రాల అసలు కడుపుమంట అక్కడ.

జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలది మూడింట రెండొంతులు. నిర్ణయానికి నాలుగింట మూడొంతులు, అంటే 75 శాతం కావాలి. రాష్ట్రాలన్నీ ఏకమైనా కేంద్రం లేకుండా గెలవలేవు. లెక్క మీరే వేసి చూడండి.

మా సర్పంచ్‌కి రాజ్యాంగం ఏం ఇచ్చింది?

ఐదేళ్లకోసారి ఎన్నిక, రిజర్వేషన్లు, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఇవి 73వ సవరణతో గట్టిగా దక్కాయి. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు కూడా రాశారు. కానీ 243-జి అధికరణలో ఆ అధికారాలు రాష్ట్రం "ఇవ్వవచ్చు" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. ఎన్నికల మాట కూడా ఆచరణలో సాగదీస్తారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిస్తే, 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా స్పెషల్ ఆఫీసర్లే నడిపారు.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. మా చుట్టాల్లో ఒకాయన ఉపసర్పంచ్‌గా చేశాడు. సర్పంచ్ ఒక మహిళ. చెక్కు పుస్తకం పట్టుకుని తిరిగేది మాత్రం ఆవిడ భర్త. నేను వాళ్లింట్లో ఉన్న రోజు ఆయన వీధిలైట్ల బిల్లు తాలూకు చెక్కు తెచ్చి "ఇక్కడ పెట్టు తమ్ముడూ" అన్నాడు. మావాడు చెక్కును అటూ ఇటూ తిప్పి చూసి, "అక్క సంతకం ఇంకా పడలేదుగా బావా, ముందు అక్కతో పెట్టించుకురా" అని వెనక్కిచ్చాడు. బావ బండి స్టార్ట్ చేసి ఇంటికెళ్లాడు. ఆవిడ ఎక్కడో పొలంలో ఉందట. సంతకం పడి చెక్కు తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది.